పెళ్లి కానుక, సత్వాసా కానుక: నోట్‌బుక్‌లో అప్పుగా కాదు, ఇంట్లో పనికొచ్చేలా

వలీమా అయిన మర్నాడు పెళ్లివారింట్లో కనిపించే దృశ్యం దాదాపు అన్ని చోట్లా ఒకటే. ఒక గది మూలన డబ్బాలు గుట్టగా ఉంటాయి. పిల్లలు రంగు కాగితాలు చింపుతుంటారు, ఒక ఆపా నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటుంది. "ఇది ఎవరిది? కర్నూలు ఖాలా వాళ్లదా? రాయి." గోడ గడియారాలు అయిదు, గాజు గ్లాసుల సెట్లు నాలుగు, డిన్నర్ సెట్లు మూడు, మెరిసే ఫ్రేముల్లో ఆయతులు ఆరేడు బయటపడతాయి. కొత్త దంపతులు ఉండబోయేదేమో అత్తగారింట్లో ఒక గది. ఆ గదికి ఒక గోడ మీద కిటికీ, ఇంకో గోడకు బీరువా. అయిదు గడియారాలు ఎక్కడ పెడతారు?

అందుకే అవి మళ్లీ అటక ఎక్కుతాయి. ఆరు నెలల తర్వాత ఇంకో పెళ్లికి కొత్త కాగితం చుట్టుకుని బయల్దేరతాయి. కొన్ని డబ్బాలు విప్పకుండానే నాలుగు ఇళ్లు తిరిగి, మొదట ఇచ్చిన ఇంటికే చేరిన సంగతులు మన కుటుంబాల్లో నవ్వుకుంటూ చెప్పుకునేవే.

నోట్‌బుక్ సంగతి మాత్రం నవ్వులాట కాదు.

నోట్‌బుక్ అసలు ఏం చేస్తోంది

తెలుగు పల్లెల్లో దీన్ని చదివింపులు అంటారు. మన ఇళ్లలో సలామీ అంటాం. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకుంటారు, వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు అంత, వీలైతే ఇంకొంచెం ఎక్కువ తిరిగి ఇస్తారు. మొదట్లో ఇది మంచి ఏర్పాటే. ఆడపిల్ల పెళ్లి చేసే ఇంటికి నలుగురూ తలో చెయ్యి వేసేవారు, ఆ ఇంటికి అప్పు తప్పేది. కానీ 'ఇంకొంచెం ఎక్కువ' అనే మాట చేరాక లెక్క తారుమారైంది. 500 పెట్టినవాళ్లకు 1,000, ఆ 1,000కి 1,500. ఇది వడ్డీ కాదు గానీ, నెల జీతం మీద బతికే ఇంటికి బరువు వడ్డీ కంటే తక్కువేం ఉండదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. నెలకు 20 వేలు సంపాదించే ఇల్లు అనుకోండి. రంజాన్ పండగ అయిపోయి షవ్వాల్ మొదలైన దగ్గర్నుంచి జిల్‌హిజ్జ చివరి దాకా పెళ్లిళ్ల కాలం. మామూలు బంధువుల పెళ్లిళ్లు 8, ఒక్కోదానికి 1,000 చొప్పున 8 వేలు. దగ్గరి వాళ్లవి 2, బట్టలో బంగారమో కలిపి ఒక్కోదానికి 5 వేలు, మొత్తం 10 వేలు. సత్వాసాలు, అఖీఖాలు 4, ఒక్కోదానికి 500 చొప్పున 2 వేలు. అన్నీ కలిపి 20 వేలు, అంటే సరిగ్గా ఒక నెల జీతం. ఇందులో బస్సు, ఆటో చార్జీలు, పిల్లలకు కొత్త బట్టలు కలపలేదు. ఈ డబ్బు పెట్టి కొన్నది అటక మీద దుమ్ము పట్టే గాజు గ్లాసులైతే, ఇచ్చినవాళ్ల జేబుకూ పుచ్చుకున్నవాళ్ల ఇంటికీ రెండు వైపులా నష్టమే.

ప్రవక్త ముహమ్మద్ (స) కానుకలు ఇచ్చిపుచ్చుకోమన్నారు, దానివల్ల ప్రేమ పెరుగుతుందన్నారు. పొరుగింటి నుంచి వచ్చినది గొర్రె కాలి గిట్ట అయినా తక్కువగా చూడొద్దని కూడా హదీసుల్లో ఉంది. అందులో ఎక్కడా నోట్‌బుక్ లేదు. తిరిగి వస్తుందన్న ఆశ వదిలేసి ఇవ్వగలిగినంతే ఇవ్వాలనుకుంటే, ఎంత పెట్టాలన్న ప్రశ్న దానంతట అదే తేలిపోతుంది. ఇక మిగిలేది ఏం ఇవ్వాలన్నదే.

కానుక ఎక్కడ ఆగి జహేజ్ ఎక్కడ మొదలవుతుంది

ఇది ముందే తేల్చుకోవాలి. మేనమామ ప్రేమతో కొనిచ్చిన ఫ్రిజ్ కానుక. "మా ఇంట్లో ఫ్రిజ్ పాతదైపోయింది" అని అవతలివాళ్లు రెండుసార్లు అనడం వల్ల మేనమామ అప్పుచేసి కొన్న ఫ్రిజ్ జహేజే. పేరు సలామీ అన్నంత మాత్రాన మారిపోదు.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా ఇదే తేడా చూపిస్తుంది. కట్నం ఇచ్చినా తీసుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు, 15 వేల రూపాయలు లేదా కట్నం విలువ, రెండింట్లో ఏది ఎక్కువైతే అంతకు తగ్గకుండా జరిమానా. మహర్ మాత్రం ఈ చట్టం చెప్పే కట్నంలోకి రాదు, ఆ మాట చట్టంలోనే రాసి ఉంది. ఎవరూ అడగకుండా ఇచ్చే పెళ్లి కానుకలను కూడా చట్టం అనుమతిస్తుంది. అయితే వధువు తరఫువాళ్లు ఇచ్చేవి ఆచారంలో ఉన్నవై ఉండాలి, ఇచ్చేవాళ్ల స్తోమతకు మించకూడదు. ఇంకో షరతు చాలామందికి తెలియదు. ఆ కానుకల జాబితా రాసి పెట్టాలి.

జాబితా ఎలా ఉండాలో 1985లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. వధువుకు వచ్చినవి వధువు, వరుడికి వచ్చినవి వరుడు విడివిడిగా రాసుకోవాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఇచ్చింది ఎవరు, బంధువైతే ఏమవుతారు అన్నవి ఉండాలి. కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. పెళ్లి సమయంలోనే, లేదంటే ఆ తర్వాత వీలైనంత త్వరగా రాయాలి.

మన ఇళ్లలో నోట్‌బుక్ ఎలాగూ ఉంది కాబట్టి ఇది కొత్త పనేం కాదు. నోట్‌బుక్‌లో రెండు గీతలు ఎక్కువ కొట్టి, వస్తువు అమ్మాయికి ఇచ్చారా అబ్బాయికి ఇచ్చారా అని రాసి, చివర ఇద్దరి సంతకాలు తీసుకుంటే సరిపోతుంది. 'ఎవరికి ఎంత తిరిగివ్వాలి' అని రాసుకునే పుస్తకమే 'అమ్మాయికి చెందినవి ఏవి' అని చెప్పే పత్రం అవుతుంది. దీని అవసరం అందరికీ రాకూడదనే కోరుకోవాలి. కానీ వస్తుంది. విడాకుల తర్వాత ముస్లిం మహిళ హక్కులపై 1986లో వచ్చిన చట్టం ప్రకారం, పెళ్లికి ముందు గానీ పెళ్లప్పుడు గానీ ఆ తర్వాత గానీ ఆమెకు పుట్టింటివాళ్లు, స్నేహితులు, భర్త, అత్తింటివాళ్లు ఇచ్చిన వస్తువులన్నీ ఆమెవే. ఇది చట్టంలో ఉన్న హక్కు. కానీ ఫలానా గాజులు ఫలానా ఖాలా అమ్మాయి చేతికే ఇచ్చిందని చూపించడానికి కాగితం లేకపోతే మాట మీద మాట నడుస్తుంది. అందుకే కానుక ఇచ్చేవాళ్లు కూడా కవరు మీద "అబ్బాయి తండ్రి గారికి" అని కాకుండా అమ్మాయి పేరు రాసి ఇస్తే మంచిది. బిల్లు జత చేస్తే ఇంకా మంచిది.

జహేజ్‌ను సమర్థించేవాళ్లు బీబీ ఫాతిమా (రజి) పెళ్లి సామాను గురించి చెబుతుంటారు. ఆ సామాను తోలు దిండు, నీటి తిత్తి, తిరగలి వంటి రోజువారీ వస్తువులు. హజ్రత్ అలీ (రజి) తన కవచం అమ్మి ఇచ్చిన మహర్ డబ్బుతోనే అవి కొన్నారని చాలామంది ఉలమా గుర్తు చేస్తుంటారు. ఆ జాబితాలో అలంకారానికి పెట్టుకునే వస్తువు ఒక్కటీ లేదన్నది కూడా గమనించాలి.

కొనేముందు ఒక ఫోన్

మంచి కానుకకు సగం దారి ముందుగా అడగడమే. అడిగితే చిన్నతనం అనుకుంటాం. అయిదో గడియారం ఇవ్వడం కంటే అది చిన్నతనమేం కాదు. ఎవరిని అడుగుతున్నాం అన్నది మాత్రం ముఖ్యం. అబ్బాయి అమ్మగారిని "ఏం కావాలి?" అని అడిగితే అది డిమాండ్‌కు తలుపు తీసినట్టే అవుతుంది. పెళ్లికూతురి అక్కనో, దగ్గరి స్నేహితురాలినో, లేదంటే నేరుగా అమ్మాయినో అడగాలి. "ఏం కావాలి" అని కాదు, "ఏది ఇప్పటికే వచ్చేసింది" అని అడిగితే జవాబు చెప్పేవాళ్లకు మొహమాటం ఉండదు.

రెండో ప్రశ్న, వాళ్లు ఎక్కడ కాపురం పెడుతున్నారు? దీని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

అత్తమామలతో కలిసి ఉండే ఇల్లయితే వంట సామాను అక్కడ ముందే ఉంటుంది. అమ్మాయికి కావాల్సింది తనదంటూ ఒక చిన్న చోటు. తాళం పడే పెట్టె, మంచి దుప్పట్లు, ఇస్త్రీ పెట్టె, టేబుల్ ఫ్యాన్, చదువుకుంటుంటే పుస్తకాలో ఫీజులో. కుట్టు వచ్చిన అమ్మాయికి కుట్టు మిషన్ ఇస్తే అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో విడిగా అద్దెకు ఉంటే లెక్క వేరు. అక్కడ మొదటి నెల అద్దె, అడ్వాన్సు కట్టేసరికే జేబు ఖాళీ అవుతుంది. మిక్సీ, కుక్కర్, గ్యాస్ స్టవ్, పరుపు, బకెట్లు, నీళ్ల ఫిల్టర్ అన్నీ ఒకేసారి కొనాలి. ఇద్దరు మనుషులకు 3 లీటర్ల కుక్కర్ చాలు. 7 లీటర్ల కుక్కర్ ఇస్తే చుట్టాలు వచ్చినప్పుడే అది కిందికి దిగుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, అది లేనిది చవకగా వస్తోందని కొనొద్దు.

అబ్బాయి గల్ఫ్‌లో ఉంటే మరీ జాగ్రత్త. విమానంలో తీసుకెళ్లగలిగేది టికెట్‌ను బట్టి కొన్ని పదుల కిలోలు. ఆ లెక్కలోనే మామిడికాయ పచ్చడి కూడా ఉంటుంది. బరువైన డిన్నర్ సెట్ ఇక్కడే అమ్మగారింట్లో ఉండిపోతుంది. పైగా ఫ్యామిలీ వీసా వచ్చేదాకా అమ్మాయి కొన్ని నెలలు ఇక్కడే ఉండాల్సి రావొచ్చు. ఇలాంటి పెళ్లికి డబ్బు లేదా బంగారమే మేలు, లేకపోతే గట్టి సూట్‌కేసు.

ఖురాన్, రెహల్, జానమాజ్ ఇవ్వాలని చాలామందికి ఉంటుంది. మంచి ఆలోచనే, కానీ అందరికీ అదే ఆలోచన వస్తుంది. ఒక ఇంట్లో ఎనిమిది జానమాజ్‌లు చేరితే ఏం చేస్తారు? ఇవ్వాలనిపిస్తే అడిగి ఇవ్వండి. ఉర్దూ చదవడం అలవాటు లేని తెలుగు కుటుంబమైతే తెలుగు అనువాదంతో ఉన్న ఖురాన్ ఇస్తే అది రోజూ తెరిచే పుస్తకం అవుతుంది.

బట్టల విషయంలో ఒక్క మాట. ఖడా దుపట్టా, బరువైన శరారా సాంచక్‌లో అబ్బాయి తరఫు నుంచి ఎలాగూ వస్తాయి, ఏడాదికి రెండుసార్లు కట్టుకుంటే గొప్ప. పెళ్లయిన మూడో వారం నుంచి అమ్మాయికి కావాల్సింది ఇంట్లో వేసుకునే నూలు సూట్లు, ఉతికినా రంగు పోని దుపట్టాలు. మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్ ముక్కలు కుట్టించుకునేలా ఇస్తే కొలతల గొడవ కూడా ఉండదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి నుంచి వచ్చేవాళ్లు గాజులు కొనేటప్పుడు అమ్మాయి చేతి కొలత అడిగి తీసుకెళ్లండి, బిగుతైన గాజు కూడా అటకకే పోతుంది.

పెళ్లికొడుక్కి బంగారు ఉంగరం, పట్టు షేర్వానీ పెట్టడం మనవాళ్లలో మామూలైపోయింది. మగవాళ్లకు బంగారం, పట్టు తగవని హదీసుల్లో స్పష్టంగా ఉన్నా అల్లుడికి తులం ఉంగరం పెట్టకపోతే నలుగురిలో మాట వస్తుందని పెడుతున్నారు. వెండి ఉంగరమో, మంచి చేతి గడియారమో, లేదంటే బైక్ నడిపేవాడైతే ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెటో ఇవ్వొచ్చు. హెల్మెట్ పెళ్లి కానుకా అని నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనివ్వండి.

కలిసి కొంటే

విడివిడిగా 1,500 పెట్టి ఎనిమిది మంది కజిన్లు ఎనిమిది వస్తువులు కొంటే ఏమవుతుందో పైన చూశాం. అదే ఎనిమిది మంది కలిస్తే 12 వేలు. ఆ డబ్బుతో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ వస్తుంది. దానివల్ల రోజూ ఎవరి నడుము మీద బరువు తగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఒకరు ముందుండి డబ్బు పోగుచేయాలి, ఎవరు ఎంత ఇచ్చారన్నది మాత్రం బయటికి చెప్పకూడదు. 500 ఇచ్చినవాళ్ల పేరూ 3,000 ఇచ్చినవాళ్ల పేరూ కార్డు మీద ఒకే వరసలో ఉండాలి.

కరెంటు వస్తువులు కొనేటప్పుడు ఇంకో సంగతి. వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది, డబ్బా విప్పిన రోజు నుంచి కాదు. ఆఫర్ ఉందని పెళ్లికి ఆరు నెలల ముందే కొని దాచిపెడితే ఏడాది వారంటీలో సగం బీరువాలోనే అయిపోతుంది. బిల్లు లేకుండా ఇస్తే వారంటీ అసలు పనికిరాదు. ధర కనబడకూడదనుకుంటే బిల్లు ఫొటో తర్వాత వాట్సాప్‌లో పంపండి, కానీ పంపండి.

నగదు, బంగారం

కవరులో డబ్బు పెట్టడం ఆలోచన లేని కానుక అని కొందరంటారు. అందరి విషయంలో అది నిజం కాదు. అప్పుచేసి పెళ్లి చేసిన ఇంటికి నగదు కంటే మంచి కానుక లేదు. తెలంగాణలో షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు వస్తాయి, కానీ చెక్కు చేతికి వచ్చేసరికి పెళ్లయి నెలలు గడిచిపోతుంటాయి. షామియానా వాళ్లు, వంటవాళ్లు అప్పటిదాకా ఆగరు. కాబట్టి పెద్ద మొత్తం ఇవ్వాలనుకునే దగ్గరివాళ్లు పెళ్లి రోజు దాకా కూడా ఆగకుండా, రెండు వారాల ముందే గుట్టుగా ఇచ్చేస్తే అది ఆ ఇంటి పరువు కాపాడుతుంది. పెళ్లిలో మళ్లీ ఖాళీ చేతులతో రావడం ఎలా అని బెంగ అక్కర్లేదు, దువా చేసి భోజనం చేసి వెళ్లండి.

పన్ను గురించి కొందరికి భయం ఉంది. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు, ఎవరిచ్చినా, ఎంతైనా. అయితే ఒకే సందర్భానికి ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. అంత మొత్తమైతే బ్యాంకు ద్వారానే. సత్వాసా, అఖీఖా మాత్రం పెళ్లి కిందికి రావు. అప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామలు, మేనత్తల వంటి దగ్గరి బంధువులు ఇచ్చినదానికి పన్ను లేదు. బయటివాళ్లు ఇచ్చింది ఏడాది మొత్తంలో 50 వేలు దాటితేనే లెక్కలోకి వస్తుంది. మనలో ఎక్కువమందికి ఆ చింత ఉండదు.

బంగారం 24 క్యారెట్లది గ్రాము 2025లోనే 10 వేలు దాటింది. చిన్న ఉంగరం పెట్టడం కూడా ఇప్పుడు మాటలు కాదు. నగ కొంటే తరుగు, మజూరీ పేరుతో పోయే డబ్బు మళ్లీ అమ్మితే రాదు. ఆ పిల్ల కష్టకాలంలో అమ్ముకోవాల్సి వస్తే అన్న ఆలోచనతో ఇచ్చేవాళ్లయితే నగ కంటే నాణెమే మేలు. అర గ్రాము నాణేలూ దొరుకుతాయి. నగ అయితే హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబరు చూసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం వివరాలు వస్తాయి. 2 గ్రాముల లోపు బరువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి చిన్న ముక్కుపుడక, పిల్లల ఉంగరం కొనేటప్పుడు తెలిసిన దుకాణానికే వెళ్లండి, బిల్లు తప్పకుండా అడగండి.

సత్వాసా: ఆ రోజు కానుక తల్లికి

ఏడో నెలలో చేసే సత్వాసా, కొన్ని ఊళ్లలో గోద్ భరాయీ, తెలుగు మాటలో సీమంతం. ఇది దీన్‌లో భాగం కాదు, ప్రాంతపు ఆచారమేనని చెప్పే ఉలమా ఉన్నారు, చెయ్యని కుటుంబాలూ ఉన్నాయి. చేసినా చెయ్యకపోయినా ఆ నెలల్లో ఆడపిల్లను చూడటానికి వెళ్లేవాళ్లు ఉంటారు, చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

పిల్ల పుట్టకముందే ఉయ్యాల, చొక్కాలు కొనడం చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు నచ్చదు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే ముందు, ఏడో నెలలో ఏదైనా జరగరానిది జరిగితే ఆ ఇంట్లో ఖాళీ ఉయ్యాల చూస్తూ ఎవరు ఉండగలరన్నది ఆలోచించాలి. అందుకని సత్వాసా కానుక తల్లి కోసం తీసుకెళ్లడమే సబబు.

ఆమెకు అప్పుడు ఏం కావాలి? వదులుగా ఉండే నూలు నైటీలు, ముందువైపు జిప్ ఉన్నవి. పాలిచ్చే రోజుల్లోనూ అవే పనికొస్తాయి. కాళ్లు వాచే నెలలు కాబట్టి ఒక సైజు పెద్ద మెత్తటి చెప్పులు. ఆస్పత్రిలో రాత్రిపూట వేడి నీళ్ల కోసం కిందికీ పైకీ తిరగకుండా మంచి ఫ్లాస్కు. కాన్పు తర్వాత వాడే పెద్ద ప్యాడ్లు. వీటిని ఎవరూ కానుకగా ఇవ్వరు, సిగ్గు. ఆస్పత్రికి వెళ్లిన రాత్రి మాత్రం వాటికోసమే మెడికల్ షాపుకు పరుగెత్తుతారు. వీటన్నిటినీ ఒక సంచిలో సర్ది ఇస్తే, నొప్పులు మొదలైన రోజు ఆ సంచి చేత్తో పట్టుకుని బయల్దేరడమే.

మొదటి కాన్పు పుట్టింట్లో. అంటే ఆస్పత్రి ఖర్చు అమ్మాయి తండ్రిది. సత్వాసాకు వంద మందిని పిలిచి బిర్యానీ పెట్టి, కాన్పు రోజున ఆపరేషన్ అంటే అప్పుకోసం తిరిగే ఇళ్లు ఉన్నాయి. కాబట్టి ఇక్కడ కూడా కవరు చిన్నచూపు చూడాల్సింది కాదు. పూలు, మిఠాయి పెట్టెలు తగ్గించి ఆ డబ్బు అమ్మాయి చేతిలో పెట్టండి.

ఇంకొకటి. "బాబు బట్టలు తెచ్చాం" అంటూ నీలం రంగువి తీసుకెళ్లడం. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. మనకు తెలియదు, తెలియకూడదు. పొట్ట చూసి అబ్బాయే అని అందరి ముందు అనే ఖాలాలు, ఆడపిల్ల పుట్టిన రోజు ఆ తల్లి ముఖం ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. తెలుపు, పసుపు, లేత ఆకుపచ్చ ఉన్నాయి కదా.

పుట్టాక: అఖీఖా, చిల్లా

ఏడో రోజు అఖీఖాకు వెళ్లేవాళ్లు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. అప్పుడే పుట్టిన పిల్లలకు సరిపోయే చిట్టి గౌన్లు కొంటారు. చూడటానికి ముద్దుగానే ఉంటాయి. కానీ పిల్లల బరువు అయిదు నెలలకల్లా పుట్టినప్పటికి రెట్టింపు అవుతుంది, ఆ గౌన్లు కొన్ని వారాల్లోనే బిగుతైపోతాయి. ఆరు నెలలవి, ఏడాదివి కొనండి. కొనేటప్పుడు నెలలు లెక్కపెట్టండి. డిసెంబర్‌లో పుట్టిన పిల్లకు ఆరో నెల అంటే జూన్. ఉన్ని స్వెట్టర్ ఆరు నెలల సైజులో కొంటే తొడిగే రోజే రాదు. మెరుపులు, జరీ, గుచ్చుకునే లేసులు వద్దు. మెత్తటి మల్మల్ గుడ్డలు, లంగోటాలు, పొత్తిళ్లు, రబ్బరు షీటు, గొడుగులా మడిచే దోమతెర చూడటానికి గొప్పగా ఉండవు గానీ రోజుకు పదిసార్లు వాడేవి ఇవే. డైపర్లయితే చిన్న సైజు ఒక్క ప్యాకెట్ చాలు, మిగతావి మధ్య సైజు.

కొన్ని మాత్రం ప్రేమతో ఇచ్చినా ఇవ్వకూడనివే. పాల సీసా, పాలపొడి డబ్బా అందులో మొదటివి. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 1992 చట్టం పాలపొడికీ పాల సీసాలకూ ప్రకటనలే నిషేధించింది. సీసా ఇంట్లో ఉంటే, పాలు సరిగా పడని మొదటి వారంలోనే ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. డాక్టర్ రాస్తే అప్పుడు వాళ్లే కొనుక్కుంటారు.

తేనె సీసా కూడా అంతే. గుట్టీ అని పుట్టగానే తేనె నాకించడం మనలో ఉంది. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో విషం తయారు చేయగలదు, అందుకే ఏడాది నిండేదాకా తేనె వద్దని పిల్లల డాక్టర్లు అంటారు. తహ్నీక్‌కు హదీసుల్లో ఉన్నది ఖర్జూరమే. సుర్మా డబ్బా మూడోది. సంప్రదాయ సుర్మాలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, అది పిల్లల మెదడుకు చెడుపు చేస్తుంది. నాలుగోది చక్రాల వాకర్. దానివల్ల నడక తొందరగా రాదు సరికదా, మెట్ల మీద నుంచి, వేడి గిన్నెల మీద పడే ప్రమాదం ఉంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది.

బొమ్మలకు 2021 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఇంకా మంచివి కావాలంటే మన ఏటికొప్పాక దగ్గరే ఉన్నాయి. అంకుడు కర్రతో చేసి చెట్ల నుంచి తీసిన రంగులు వేసే లక్క బొమ్మలు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నోట్లోకి పోయేంత చిన్న ముక్కలు లేని గిలక్కాయ చూసి తీసుకోండి.

పిల్లకు ఇంటినిండా కానుకలు వస్తాయి. జచ్చా ఏం తిన్నదో, రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడిగేవాళ్లు తక్కువ. ఆ నలభై రోజుల్లో డబ్బు లేనివాళ్లు కూడా ఇవ్వగలిగే కానుకలు చాలా ఉన్నాయి. ఒక పూట అన్నం, పప్పు, మెత్తగా ఉడికిన కోడి షోర్వా క్యారియర్‌లో పంపడం. గోంద్ లడ్డూలో, అచ్వానీయో, కాయమో చేసివ్వడం. పెద్ద పిల్లవాడు ఉంటే వాడిని బడికి తీసుకెళ్లి తీసుకురావడం. బట్టలు ఉతికి ఆరేయడం. జనన ధ్రువపత్రం కోసం మున్సిపల్ ఆఫీసుకో పంచాయతీకో వెళ్లి రావడం. జననం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. ఆ 21 రోజులూ ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు, తిరిగిపెట్టేవాళ్లు ఒకరు దొరికితే అది చిన్న సాయం కాదు.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందు ఫోన్ చేయండి. జలుబు, జ్వరం ఉంటే ఆ వారం వెళ్లకండి. వెళ్లినా పది నిమిషాలకే లేవండి, టీ పెట్టనివ్వకండి. పాప నిద్రపోతుంటే లేపమనకండి. తెచ్చిన సంచి అమ్మాయి పక్కన పెట్టి, మార్చుకోవడానికి వీలుగా బిల్లు అందులోనే ఉంచి వచ్చేయండి.